మోకాలి పైనుండే లోకం: ఎనిమిదేళ్ళుగా నా చేతిలో ఉన్న స్మార్ట్‌కేన్

మా వీధి చివర ఇల్లు కడుతున్న చోట ఇటుకల లారీ ఆగి ఉంది. ఇంజన్ ఆపేసి ఉంది కాబట్టి చప్పుడు లేదు. నా తెల్లకర్ర లారీ వెనక భాగం కిందకి దూరిపోయింది. కర్రకి ఏమీ తగల్లేదు, దారి ఖాళీగానే ఉందనుకుని మామూలుగా అడుగు వేశాను. లారీ తలుపు గొళ్ళెం నుదుటికి కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. 2017 మార్చిలో, పదో తరగతి పరీక్షలు జరుగుతున్న రోజుల్లో. ఇప్పటికీ కుడి కనుబొమ పైన వేలు పెడితే ఆ గీత తగులుతుంది.

తెల్లకర్ర నేల సంగతి చెబుతుంది. మెట్టు, గుంట, రాయి, దారికి అడ్డంగా పడుకున్న కుక్క, ఇవన్నీ దానికి తెలుసు. మోకాలి పైన ఏముందో తెలీదు. మన వీధుల్లో మోకాలి పైన ఒక లోకమే ఉంది. వీధిలోకి తెరిచి ఉంచిన కిటికీ రెక్క, షాపు ముందు ఏటవాలుగా దించిన రేకు, చవితి పందిరికి కట్టిన అడ్డగెడ, వంగిన వేపకొమ్మ, స్తంభానికి బిగించిన ఫ్లెక్సీ ఫ్రేము, గోడకి వేలాడే ఏసీ పెట్టె. చూపున్నవాళ్ళు తల కాస్త వంచి దాటిపోతారు. వంచామన్న సంగతి కూడా వాళ్ళకి గుర్తుండదు. మాకు మాత్రం ఒక్కోటీ ఒక్కో దెబ్బగా గుర్తుంటుంది.

నేను తెలుగు టీచర్ని. రాజమండ్రిలో ఉంటాం, ఊరికి దగ్గర్లోనే ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పని. డిగ్రీ చదివేటప్పుడు రేచీకటితో మొదలైంది. తర్వాత పక్కచూపు తగ్గుతూ తగ్గుతూ, ముప్ఫై రెండేళ్ళు వచ్చేసరికి కిటికీ ఎటువైపుందో తెలిసేంత వెలుతురు మాత్రం మిగిలింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. ఇది రాయడం కూడా ఫోన్లో టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంటే రాస్తున్నాను.

కుట్లు పడిన రోజు రాత్రి మా అత్తయ్య నా పక్కన కూర్చుని, "ఇంక ఒక్కదానివీ తిరగకమ్మా, అబ్బాయి దింపి వస్తాడు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ మా ఆయన షాపు తెరిచే టైమూ నా బడి టైమూ ఒకటే. పైగా ఒకసారి ఎవరి బండి వెనకో ఎక్కడం మొదలుపెడితే నా కాళ్ళ మీద నాకు నమ్మకం పోతుందని భయం వేసింది. ఆ వారంలోనే నాకు కర్రతో నడవడం నేర్పిన మొబిలిటీ మేడమ్‌కి ఫోన్ చేశాను. "ఐఐటీ ఢిల్లీ వాళ్ళు తయారుచేసిన స్మార్ట్‌కేన్ అని ఒకటి ఉందమ్మా. ముందు నువ్వు చేత్తో పట్టుకుని చూడు, నచ్చితే కొనుక్కుందువుగాని" అన్నారావిడ.

చేత్తో పట్టుకుంటే ఎలా ఉంటుందో చెబుతాను. మామూలు మడత కర్రకి పైభాగంలో, మనం పట్టుకునే చోట, లావుపాటి పిడి ఒకటి తగిలించి ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ అంతా ఆ పిడిలోనే. అక్కర్లేనప్పుడు పిడి ఊడదీసి బ్యాగులో వేసుకోవచ్చు, కింద కర్ర కర్రలాగే పనిచేస్తుంది. ముందువైపున్న సెన్సర్ నుంచి మన చెవికి వినపడని శబ్దం వెళుతుంది. ఎదురుగా ఏదైనా ఉంటే దానికి తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో లెక్కకట్టి పిడి వణుకుతుంది. దూరంగా ఉంటే ఆగి ఆగి, దగ్గరయ్యేకొద్దీ గబగబా. మోకాలి దగ్గర్నుంచి తల ఎత్తు వరకు దీని పరిధి. అంటే తెల్లకర్ర ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా అక్కడి నుంచి ఇది మొదలవుతుంది.

మా స్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారికి చూపిస్తే మహా సంబరపడిపోయారు. దాన్ని తీసుకుని నేరుగా తొమ్మిదో తరగతికి వెళ్ళి పాఠం చెప్పేశారు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. మూడు మీటర్ల దూరంలో గోడ ఉంటే వెళ్ళి రావడానికి ఆరు మీటర్లు, అంటే సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. "గబ్బిలం చేసే పనే కదండీ ఇది" అన్నారాయన. పిల్లలు వరసగా నా ముందుకొచ్చి నిలబడి, "టీచర్, నేనున్నానా? ఇప్పుడున్నానా?" అని పిడి వణికిందా లేదా అని అడుగుతూనే ఉన్నారు. ఆ పీరియడ్‌లో నా పాఠం సాగలేదు. నాకు బాధ లేదు.

రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. వీధిలో నడిచేటప్పుడు మూడు మీటర్ల దాకా చూసే పద్ధతి, ఇంట్లోనో ఆఫీసులోనో అయితే 1.8 మీటర్ల పద్ధతి. లోపల కూడా పెద్ద పరిధే పెడితే గోడలూ బీరువాలూ అన్నీ ఒకేసారి పలకరిస్తాయి, బుర్ర వేడెక్కిపోతుంది. రాత్రి ఫోన్‌తో పాటే దీన్నీ ఛార్జింగ్‌కి పెడతాను. ఇంతకుమించి చేయాల్సింది ఏమీ లేదు.

అయితే పిడి వణకడం ఒకటి, దాని అర్థం మనకి తెలియడం ఇంకొకటి. మొదటి రెండు రోజులూ నేను ఇంటికి ఏడుపు మొహంతో వచ్చాను. ఊరికే వణుకుతుంది. ఎందుకు వణికిందో తెలీదు. ఆగితే ఏమీ తగలదు, నడిస్తే మళ్ళీ వణుకు. మూడో రోజు పొద్దున్నే మొబిలిటీ మేడమ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని చూసి, "పిడిని పక్కకి తిప్పేసి పట్టుకుంటున్నావు. అది నీ దారిని కాదు, పక్కనున్న ప్రహరీగోడని చూస్తోంది" అన్నారు. బొటనవేలు ఎక్కడుండాలో, మణికట్టు ఎంత తిప్పాలో చూపించారు. తర్వాత నాలుగు రోజులు ఉదయం ఆరింటికి, ట్రాఫిక్ పెరగకముందే, నా మోచేతి పక్కనే నడిచారు. ఆవిడ ముందే తెచ్చి దారిలో పెట్టిన కుర్చీ, ఆవిడే తెరిచి ఉంచిన గేటు, ఆవిడే అడ్డంగా చాచిన చెయ్యి. ఒక్కోటి ఎదురైనప్పుడల్లా ఆపి, "ఇదేమిటో చెప్పు" అనేవారు. నాలుగో రోజుకి చెప్పగలిగాను. స్తంభం దాటినప్పుడు వణుకు చప్పున వచ్చి చప్పున పోతుంది. గోడకి ఎదురెళితే ఆగకుండా పెరుగుతుంది. మనిషి ఎదురొస్తుంటే మనం ఆగినా వణుకు వేగం పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ మనిషి ఆగలేదు కదా.

ఈ సమీక్షలో నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి ఆ నాలుగు ఉదయాలే. వస్తువు సంగతి చెబుతూనే మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఆ తర్వాత వారానికో ఏమో, అదే వీధిలో, అదే చోట, మళ్ళీ లారీ ఆగి ఉంది. మూడు మీటర్ల ముందే పిడి నెమ్మదిగా కదిలింది. ఆగాను. ఎడమవైపు జరిగాను, వణుకు ఆగింది. చెయ్యి చాచి లారీ చెక్కని తడుముకుంటూ చివరిదాకా నడిచాను. ఇటుక పొడి చేతికి అంటుకుంది. లారీ మీదున్న కుర్రాడు, "ఆయ్, చూసుకోండి మేడమ్ గారండీ" అని కేకేశాడు. "చూసుకున్నాను బాబూ" అన్నాను. ఇంటికెళ్ళేదాకా ఆ మాట నా నోట్లో తీపిగా ఆడుతూనే ఉంది.

నాకు ఇది మరీ దగ్గరైంది మాత్రం దెబ్బలు తప్పినందుకు కాదు. లైన్లో నిలబడటం వచ్చినందుకు. చూపులేనివాళ్ళకి లైను ఎంత కష్టమో చెబితే గాని అర్థం కాదు. ముందున్నవాళ్ళు కదిలారో లేదో తెలీదు. కర్రతో పొడిస్తే వాళ్ళ మడమకి తగులుతుంది, వెనక్కి తిరిగి ఏదో అనబోయి నన్ను చూసి ఆగిపోతారు. ఆ ఆగిపోవడం తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. పొడవకుండా నిలబడితే ముందు ఖాళీ పెరిగిపోతుంది, వెనకవాళ్ళు తోస్తారు. లేదా ఎవరో ఒకాయన నా భుజాలు రెండూ పట్టుకుని ముందుకు జరుపుతాడు. సాయం చేస్తున్నాననే అనుకుంటాడు. అడగకుండా పరాయి చేతులు ఒంటి మీద పడటం ఆడవాళ్ళకి ఎలా ఉంటుందో నేను విడమరిచి రాయక్కర్లేదు.

అన్నవరంలో ప్రసాదం కౌంటర్ దగ్గర మొదటిసారి స్మార్ట్‌కేన్‌తో నిలబడ్డాను. చిన్న పరిధి పెట్టుకుని, కర్రని నిటారుగా, పాదాలకి దగ్గరగా పట్టుకున్నాను. నా ముందున్నావిడ దగ్గరగా ఉన్నంతసేపు పిడి గబగబా కొట్టుకుంటోంది. కాసేపటికి ఆ కొట్టుకోవడం మందగించింది. ఒక అడుగు వేశాను. మళ్ళీ వేగం. మళ్ళీ మందం, ఇంకో అడుగు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ తగల్లేదు. నేతి వాసన దగ్గరవుతూ వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు, "రెండు ప్యాకెట్లు ఇవ్వండి" అన్నాను. మా ఆయన కొండ కింద పార్కింగ్ దగ్గర ఉన్నారు. విస్తరాకు పొట్లం వేడి పవిట కొంగులోంచి తగులుతుంటే నేను ఒక్కదాన్నీ తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఇది చేయలేని పనులు. దీన్ని నమ్ముకుని తెల్లకర్రని గాల్లో పట్టుకుని నడిచేవాళ్ళని చూశాను, అలా చేయకండి. గుంటని ఇది చెప్పదు. మూత లేని డ్రైనేజీని చెప్పదు. దిగే మెట్టుని చెప్పదు. నేల మీద సంగతంతా ఇప్పటికీ కర్ర చివరే చెప్పాలి. వానాకాలంలో మా వైపు రోడ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, గోదావరికి వరదొచ్చిందంటే కాలవకీ రోడ్డుకీ తేడా ఉండదు. అలాంటప్పుడు పిడి ఊడదీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో వేసుకుంటాను, ఉత్త కర్రతో నడుస్తాను.

రద్దీలో కూడా దీని పని తక్కువ. తాడితోటలో పండగ ముందు బట్టల షాపింగ్‌కి వెళితే నలువైపులా మనుషులే, పిడి ఆగకుండా వణుకుతూనే ఉంటుంది. అన్నీ అడ్డమే అని చెబితే ఏదీ చెప్పనట్టే. అక్కడ ఆపేసి మా అమ్మాయి మోచెయ్యి పట్టుకుంటాను. తాడు మీద ఆరేసిన చీరలూ తువ్వాళ్ళూ మరో చిక్కు. గట్టి గోడ శబ్దాన్ని వెనక్కి కొడుతుంది, మెత్తటి బట్ట చాలావరకు మింగేస్తుంది. సన్నటి తీగలదీ అదే కథ. మొహానికి తడి చీర తగిలితే నవ్వి ఊరుకోవచ్చు. తీగ అలా కాదు. కేబుల్ వైర్లు వేలాడే సందుల్లో నేను ఇప్పటికీ ఎడమ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకునే నడుస్తాను. శబ్దంతో పనిచేసే ఏ పరికరానికైనా ఈ హద్దులు ఉంటాయని మా సైన్స్ మాస్టారు చెప్పారు. ఇక బరువు. కర్రకి ఏది తగిలించినా బరువు పెరుగుతుంది. మొదటి వారం మణికట్టు లాగింది, తర్వాత మర్చిపోయాను.

ఇది ఎక్కడ పుట్టిందో కాస్త చెప్పాలి, ఎందుకంటే ఆ కథలోనే దీని మంచి ఉంది. 2005లో ఐఐటీ ఢిల్లీలో బీటెక్ చదివే కుర్రాళ్ళు ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. రోహన్ పాల్ అనే విద్యార్థి వాళ్ళలో ఒకరు. కంప్యూటర్ సైన్స్‌లో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్, మెకానికల్‌లో ప్రొఫెసర్ పి.వి.ఎం. రావు వెనక నిలబడ్డారు. అసిస్‌టెక్ అని ఒక ల్యాబ్ ఏర్పడింది. కాలేజీ ప్రాజెక్టులు మామూలుగా ఎక్కడ ఆగుతాయి? మార్కులు పడగానే బీరువాలో ఆగుతాయి. ఇది ఆగలేదు. చూపులేని వాళ్ళ కోసం పనిచేసే సక్షమ్ ట్రస్ట్ మొదటి నుంచీ పక్కనుంది. దాన్ని నడిపించే దీపేంద్ర మనోచా గారికీ చూపు లేదు. బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ డబ్బు ఇచ్చింది. చెన్నైలో పసిపిల్లల వార్మర్లూ ఇంక్యుబేటర్లూ తయారుచేసే ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ ఫ్యాక్టరీలో తయారుచేయడానికి ముందుకొచ్చింది. 2014లో మార్కెట్లోకి వచ్చింది. మొదలుపెట్టిన కుర్రాళ్ళు చదువులు ముగించి, ఉద్యోగాల్లో కుదురుకునేంత కాలం, తొమ్మిదేళ్ళు.

ధర అప్పుడు సుమారు 3 వేల రూపాయలు. దీనికి ముందు ఇలాంటి పని చేసే కర్ర ప్రపంచంలో లేకపోలేదు. ఇంగ్లండ్‌లో లీడ్స్ విశ్వవిద్యాలయం పరిశోధన నుంచి, గబ్బిలాలనే చూసి తయారుచేసిన అల్ట్రాకేన్ ఉంది. మంచి వస్తువే, కానీ ధర అప్పట్లో 600 పౌండ్ల దాకా ఉండేది. మన డబ్బులో 50 వేలు దాటేది. నాకు జీతం వస్తుంది కాబట్టి అప్పోసొప్పో చేసి కొనుక్కునేదాన్నేమో. రైల్లో బఠాణీలు అమ్ముకునే మా స్నేహితురాలు కొనుక్కోగలదా? 3 వేలంటే తనకి కూడా భారమే, కానీ ఆరు నెలలు దాచుకుంటే వచ్చే భారం. ఐఐటీ వాళ్ళు సెన్సర్ ఎంత గొప్పదా అని మాత్రమే ఆలోచించి ఉంటే ఆమె చేతికి ఇది వచ్చేది కాదు.

అదే దారిలో వచ్చినవి ఇంకా ఉన్నాయి. నిలబడటానికి కూడా వీలిచ్చే అరైజ్ చక్రాల కుర్చీ 2019లో వచ్చింది. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ గారి ల్యాబ్‌లో పుట్టింది, తయారీ మళ్ళీ ఆ ఫీనిక్స్ వాళ్ళే, డబ్బు మళ్ళీ ఆ వెల్‌కమ్ ట్రస్టే. అదే ల్యాబ్ నుంచి మొదలైన నియోమోషన్ కంపెనీ మనిషి కొలతలు తీసుకుని కుర్చీ చేసిస్తుంది. దాని ముందు తగిలించే నియోబోల్ట్ మోటారుతో గంటకి 25 కిలోమీటర్ల వేగం దాకా పోవచ్చు. పోలియో వచ్చిన మా ఆడపడుచు దగ్గర అది ఉంది. సాయంత్రం గోదావరి గట్టు మీదకి ఒక్కర్తే వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చేసి, "వదినా, గాలి ఎంత బాగుందో, నువ్వూ రా" అంటుంది. పెళ్ళయి వచ్చాక ఇరవై ఏళ్ళలో తను నన్ను ఎక్కడికైనా రమ్మని పిలవడం అదే మొదలు.

ఇక మనసు కష్టపడిన సంగతి. స్మార్ట్‌కేన్‌లని ప్రభుత్వ సంస్థ అలిమ్కో ద్వారా, వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం వారి ఏడిప్ పథకం కింద క్యాంపులు పెట్టి ఉచితంగా కూడా ఇస్తున్నారు. చాలా మంచి పని, అర్హత ఉన్నవాళ్ళు తప్పకుండా అడగండి. అయితే మా వైపు జరిగిన ఒక క్యాంపు గురించి చెప్పాలి. ఎవరు పెట్టారో రాయను. నాకు తెలిసిన పదో తరగతి అబ్బాయి, పుట్టుకతోనే చూపు లేదు, వాళ్ళ అమ్మతో వెళ్ళాడు. పేరు పిలిచారు, పెట్టె చేతిలో పెట్టారు, ఫోటో తీశారు, భోజనం పెట్టి పంపేశారు. పిడి ఎటు తిప్పి పట్టుకోవాలో చెప్పే మనిషి లేడు. ఆ అబ్బాయి ఇంటికొచ్చి రెండు రోజులు ప్రయత్నించి, "అమ్మా, ఇది ఊరికే వణుకుతోంది, పాడైందేమో" అన్నాడట. వాళ్ళమ్మ దాన్ని అట్టపెట్టెతో సహా అటక మీద పెట్టేసింది. ఏడు నెలల తర్వాత నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ సంగతి బయటపడింది. పెట్టె మీద దుమ్ము నా వేలికి మందంగా తగిలింది. తీసి, ఛార్జింగ్ పెట్టి చూస్తే చక్కగా పనిచేస్తోంది.

నాకూ సరిగ్గా ఆ రెండు రోజులే కదా ఏడుపు వచ్చింది. నాకు మూడో రోజు మేడమ్ వచ్చారు, వాడికి రాలేదు. తేడా అంతే. తొమ్మిదేళ్ళ పరిశోధన, విదేశీ నిధులు, చెన్నైలో ఫ్యాక్టరీ, ఇంత దూరం వచ్చిన వస్తువు ఆఖరి నాలుగు ఉదయాల దగ్గర ఆగిపోయింది. ఆ ఖర్చు ఎవరూ లెక్కలో వేయడం లేదు. కర్ర ధరలోనే ఆ నడిపించే మనిషి కూలీ కూడా కలిపి ఉంటే, ఇంకో రెండు వేలు ఎక్కువైనా నేను ఇదే మంచి ధర అంటాను.

రిపేరు విషయం కూడా ఇలాంటిదే. నాలుగేళ్ళు వాడాక ఒకసారి రైల్వే స్టేషన్ మెట్ల మీద నా చేతిలోంచి జారి పడింది. స్విచ్ వదులైంది. నా తప్పే. కానీ ఎక్కడ బాగుచేయించుకోవాలి? నాకు అమ్మిన సంస్థ ఆఫీసు అప్పటికే ఊరు మారిపోయింది, ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళో సర్జికల్ షాపు ఒకదానికి వెళితే, చేతికర్రలూ వాకర్లూ ఉన్నాయి గాని ఇలాంటిది తను ఎప్పుడూ చూడలేదన్నాడు. చివరికి మెయిన్ రోడ్డులో మొబైల్ రిపేర్ కుర్రాడు, "నేను విప్పితే వారంటీ పోతుందేమో అక్కా" అంటూనే పైపైన బిగించి ఇచ్చాడు. మరో ఏడాది దాంతోనే గడిపాను. తర్వాత హైదరాబాద్ వెళ్ళే బంధువులతో కొత్తది తెప్పించుకున్నాను. నా ఫోన్ పాడైతే మా వీధిలోనే ముగ్గురున్నారు బాగుచేయడానికి. నా కంటి బదులు పనిచేసే దానికి జిల్లా మొత్తం మీద ఒక్కరైనా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఈ మధ్య మా పాత విద్యార్థి ఒకడు, ఇప్పుడు బెంగళూరులో ఇంజనీరు, వీడియో పంపాడు. "టీచర్, మీకోసం రోబో కుక్క వస్తోంది!" స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు రోబోగైడ్ అని నాలుగు కాళ్ళ రోబోని అక్కడి హంటేరియన్ మ్యూజియంలో చూపులేని వాళ్ళతో నడిపించారు. అది దారి చూపించడమే కాదు, మాట్లాడుతుంది కూడా. జపాన్‌లో చియేకో అసకావా గారు ఇంకో దారి పట్టారు. ఆవిడకి చిన్నప్పుడు ఈతకొలనులో దెబ్బ తగిలి చూపు పోయింది. ఐబీఎంలోనూ అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేసి, చక్రాల సూట్‌కేస్‌నే దారి చూపించే రోబోగా మార్చారు. పిడి పట్టుకుంటే అది నడిపించుకుపోతుంది. చూపులేని మనిషే ముందుండి చేయడం వల్లనేమో, ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. సూట్‌కేస్ పట్టుకున్న ఆవిడని చూసి ఎవరూ అయ్యో పాపం అనరు, ప్రయాణంలో ఉందనుకుంటారు.

ఆ కుర్రాడికి ఫోన్ చేసి గంటసేపు అడిగాను. మన పల్లెవెలుగు బస్సు మెట్లు ఎక్కుతుందా? ఎక్కించాల్సి వస్తే బరువెంత? వీధికుక్కలు దాని వెంట పడితే ఏం చేస్తుంది? తెలుగులో చెబుతుందా, "పక్కకి రండి" అంటుందా? పాడైతే ఎవరు బాగుచేస్తారు? వాడు ఒక్కోదానికీ ఆలోచించి జవాబు చెప్పాడు, కొన్నిటికి నోట్ చేసుకున్నాడు. నేను కాదనడానికి అడగలేదు. నిజంగా కావాలనే అడిగాను. రాత్రిపూట గోదావరి స్టేషన్‌లో రైలు దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మూత తీసిన మ్యాన్‌హోల్‌ని కూడా కనిపెట్టి నన్ను ఇంటికి చేర్చే పరికరం వస్తే నా పీఎఫ్‌లోంచి డబ్బు తీసైనా కొనుక్కుంటాను.

ఫోన్‌లో కూడా ఇప్పుడు చాలా వచ్చాయి. కెమెరా పెడితే మందు సీసా మీద పేరు చదువుతుంది, నోటు ఎంతదో చెబుతుంది. పిల్లల రాతపుస్తకాలు మాత్రం ఇంకా సరిగ్గా చదవదు, మా అమ్మాయే చదివి వినిపించాలి. అవన్నీ వాడతాను. కానీ నడిచేటప్పుడు ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫోన్, చెవిలో మాటలు పెట్టుకుంటే ఆటో చప్పుడు వినపడదు. స్మార్ట్‌కేన్ నా చెవుల జోలికి రాదు. చెప్పేదేదో చేతికి చెబుతుంది. తయారుచేసినవాళ్ళు మాలో ఎవరితోనో నిజంగా నడిచారని నాకు అక్కడే అర్థమైంది. చూపున్నవాళ్ళు తమ ఊహతో చేసి ఉంటే దానికి తప్పకుండా మాటలు పెట్టేవాళ్ళు.

ఎవరు కొనుక్కోవాలి? రోజూ ఒకే దారిలో, ఒంటరిగా, మరీ రద్దీ లేని వీధుల్లో తిరిగేవాళ్ళకి చాలా ఉపయోగం. తెల్లకర్రతో నడక ఇంకా రానివాళ్ళు ముందు అది నేర్చుకోండి, తర్వాత ఇది. మధ్యలో చూపు పోయినవాళ్ళకి మొదట్లో వణుకు చిరాగ్గా ఉంటుంది, పది రోజులు ఓర్చుకోండి. పిల్లలకి కొనేవాళ్ళు నేర్పే మనిషి ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. ఆన్‌లైన్‌లో చూసి ఆర్డర్ పెట్టేయకుండా, వాడుతున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒకసారి చేత్తో పట్టుకోండి.

అటక మీంచి దించిన ఆ కర్రతో, ఆ అబ్బాయి పక్కన నేను నాలుగు ఆదివారాలు నడిచాను. నాకు వచ్చిన పద్ధతే, కుర్చీ పెట్టడం, గేటు తెరిచి ఉంచడం. మా మేడమ్‌కి చూపుంది, నాకు లేదు కాబట్టి కుర్చీ ఎక్కడ పెట్టానో నేనూ తడుముకోవాల్సి వచ్చేది, ఇద్దరం కలిసే వెతుక్కున్నాం. మూడో ఆదివారం వాడు ఉన్నట్టుండి ఆగి, చెయ్యి పైకి చాచి, "టీచర్, కొమ్మ! మన వీధిలో చెట్టుందా?" అన్నాడు. పదిహేనేళ్ళు ఆ వీధిలో పెరిగాడు. చెట్టు ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు.

రాజమండ్రి చుట్టుపక్కల ఉండి దీన్ని కొందామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు కింద నాకు రాయండి. ఆదివారం ఉదయం ఆరింటికైతే నేను ఖాళీయే. నా పాత పిడి ఇప్పటికీ పనిచేస్తోంది, మీ కర్రకి తగిలించి ఇస్తాను, ఆ చెట్టు దాకా నడిచి వద్దాం.